వంతెన లైనులో ముందు బస్సు

ఆ డిపోలో ఒక పద్ధతి ఉంది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలీదు. పెద్ద డ్రైవరు బస్సు ముందు పోతుంటే వెనకొచ్చే చిన్న డ్రైవరు దాన్ని దాటడు. దారి ఎంత ఖాళీగా ఉన్నా సరే, దాటడు. ముందున్నాయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి "పోరా నాయనా" అన్నట్టు ఊపాలి. అప్పుడు దాటాలి. దాటేటప్పుడు చిన్నగా ఒక్క హారన్ కొట్టాలి, నమస్కారం పెట్టినట్టు. చెయ్యి ఊపకుండా దాటినవాడికి ఆ సాయంత్రం డిపోలో టీ బల్ల దగ్గర ఎవరూ జరిగి చోటివ్వరు.

వంతెన లైను మీద అందరికన్నా పెద్ద డ్రైవరు అమ్మడు వాళ్ళ నాన్న. డిపోలో ఆయన్ని పెద్దాయన అంటారు. ఆ లైను మీద తిరిగే కుర్రాళ్ళలో చాలామంది ఆయన పక్కన కూర్చునే స్టీరింగు పట్టుకోవడం నేర్చుకున్నారు. ఆయన బస్సుని దాటడానికి వాళ్ళకి ధైర్యం లేదని కాదు, మనసు రాదు.

అమ్మడు అనేది ఇంట్లో పిలుపు. డిపోలో ఆమె కంట్రోలు మేడం. మేడ మీద గదిలో కూర్చుంటుంది. ఎదురుగా గోడంత తెర. తెర మీద ఊళ్ళోని బస్సులన్నీ చుక్కలై పాకుతుంటాయి. చేతిలో రేడియో మైకు. ఏ బస్సు ఎక్కడ తొందరపడాలో, ఎక్కడ కాసేపు నిలవాలో ఆమె చెబుతుంది.

మిగతా లైన్లలో చుక్కలు దూరదూరంగా, ఎడంగా పోతుంటాయి. వంతెన లైనులో మాత్రం ఒక చుక్క ముందు, దాని తోక పట్టుకున్నట్టు మూడో నాలుగో వెనక. ఆ తర్వాత చాలా దూరం ఖాళీ. ఆ ఖాళీ దారి పొడుగునా స్టాపుల్లో మనుషులు నిలబడి ఉంటారని, మెడలు చాచి దారి వైపు చూస్తుంటారని, ఆఖరికి విసుగెత్తి ఏదో ఒక బండి మాట్లాడుకుని పోతారని అమ్మడుకి తెలుసు. వస్తే అన్నీ కట్టగట్టుకుని వస్తాయి, రాకపోతే ఒక్కటీ రాదు. వంతెన లైను గురించి ఊరంతా అనే మాట అదే.

కంపెనీ వాళ్ళు జనాన్ని మళ్ళీ బస్సెక్కించాలని పడని పాట్లు లేవు. సీట్లకి కొత్త గుడ్డ వేయించారు. స్టాపుల మీద ఎండకీ వానకీ రేకులు వేయించారు. "రండి, బస్సెక్కండి" అని గోడల నిండా నవ్వు మొహాల బొమ్మలు వేయించారు. జనం ఆ బొమ్మల పక్కనే నిలబడి, బస్సు కోసం చూసి చూసి, వెళ్ళి స్కూటర్లు కొనుక్కున్నారు.

ఆ తోకకి మొదలెక్కడో అమ్మడుకి చాలా రోజులుగా తెలుసు. ముందు చుక్క ఎప్పుడు చూసినా నాన్న బస్సే.

ఒక సాయంత్రం ఇంట్లో భోజనాల ముందు మెల్లగా కదిపింది.

"నాన్నా, ఒకటడుగుతా, కోప్పడవుగా?"

"కోప్పడే మాటే అయితే అడగడం ఎందుకే?" అంది అమ్మ వంటింట్లోంచి.

"నిన్నడగలేదమ్మా."

"అవునులే, నేనేమన్నా డ్రైవర్నా కంట్రోలర్నా? ఇంట్లో స్టాపు దగ్గర ఎదురుచూసేదాన్ని."

నాన్న నవ్వాడు. అమ్మడు నవ్వలేదు. "స్టాపుల్లో అంతంతసేపు ఎందుకాగుతున్నావు నాన్నా?"

"ఎవరన్నా పరిగెత్తుకొస్తుంటే ఆగనా? చూడమ్మడూ, పరిగెత్తుకొచ్చే మనిషి మొహం మీద తలుపేసి వెళ్ళిపోయామనుకో, ఆ మనిషి ఇక జన్మలో బస్సెక్కడు. మర్నాడే బండి కొంటాడు. నేనెన్ని చూశాను!"

"నువ్వు ఆ ఒక్కడి కోసం ఆగితే, ముందు స్టాపుల్లో నిలబడ్డవాళ్ళందరూ బండ్లు కొంటున్నారు. వాళ్ళు నీ అద్దంలో కనబడరు. నా తెర మీద కనబడతారు."

"తెర మీద మనుషులు కనబడతారా?"

"బస్సులు కనబడతాయి."

"అదీ మరి."

"మొత్తానికి ఆ బస్సుని ఇంట్లోకి కూడా తెచ్చేశారు" అంది అమ్మ, కంచాలు పట్టుకొచ్చి. "కాస్త పక్కకి తీసి పెట్టుకోండి, ఇవి పెట్టాలి."

అందరూ కూర్చున్నాక అమ్మడు మళ్ళీ అంది. "నిన్ను తొందరపడమనడం లేదు నాన్నా. వెనక మనవాళ్ళ బస్సు కనబడగానే నువ్వే చెయ్యి ఊపెయ్యి. వాళ్ళు దాటిపోయి ముందు స్టాపుల్లో జనాన్ని ఎక్కించుకుంటారు. నీ బస్సూ తేలికవుతుంది."

"అడక్కుండానే ఊపెయ్యాలా?"

"ఆఁ, అడక్కుండానే."

ఆయన కంచం కాస్త దగ్గరికి లాక్కున్నాడు. ఆయనకి రిటైర్మెంటు దగ్గర పడుతోంది. ఆఖరి రోజు దాకా వంతెన లైను మీదే నడపాలని, ఆ సీటులోంచే దిగి ఇంటికి రావాలని ఆయన కోరిక. ఆ సంగతి ఆ ఇంట్లో పిల్లినడిగినా చెబుతుంది. తన వెనక బస్సులు తోకలా పట్టుకుని రావడమంటే ఆయనకి గర్వమేమో, అమ్మడుకి తెలీదు. ఎప్పుడూ అడగలేదు.

"నువ్వడిగావు కాబట్టి ఊపుతా" అన్నాడు.

ఊపాడు కూడా. మర్నాటి నుంచే తెర మీద తోక విడిపోయింది. మొదట ఆయన శిష్యుడు, అందరూ పొడుగోడు అని పిలిచే డ్రైవరు, దాటాడు. దాటి రేడియోలో "మేడం, గురువుగారే పొమ్మన్నారు, నా తప్పు లేదు" అని సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. చుక్కలు ఎడమెడంగా జరిగాయి. వంతెన లైనులో బస్సులు ఒకదాని తర్వాత ఒకటి రావడం మొదలైంది. అమ్మడు ఆ రోజు తెరని కన్నార్పకుండా చూస్తూ కూర్చుంది, ఆరిన గాయం మీద పక్కు రాలడం చూసినట్టు.

కానీ ఆ తెరకి ఒక గుణం ఉంది. ఒక బస్సుని ఇంకో బస్సు దాటితే, దాటించుకున్న బస్సు చుక్క ఎర్రబడుతుంది. చెయ్యి ఊపి దాటించుకున్నా దానికొకటే, చేతకాక దాటించుకున్నా ఒకటే. కొన్ని వారాలకి వంతెన లైనులో ఎర్రగా మిగిలింది ఒక్క చుక్కే, నాన్నది.

మేనేజరు గారు పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే.

"నేనే చెయ్యి ఊపమన్నానండీ" అంది అమ్మడు, ఆయన నోరు తెరవకముందే.

"తెలుసమ్మా. దానివల్ల లైను చాలావరకు బాగుపడింది, అదీ తెలుసు. కానీ ఆ ఒక్క బస్సు కోసం స్టాపులో నిలబడ్డవాళ్ళ సంగతేంటి? వాళ్ళూ మన ప్రయాణికులే కదా. మిగతావి వేళకి వస్తున్నాయని నమ్మి వస్తున్నారు, సరిగ్గా ఆ బస్సుకి దొరికిపోతున్నారు. ఒక్కసారి దొరికితే చాలు, మళ్ళీ రారు."

అమ్మడు తల దించుకుంది.

"మీ నాన్నగారిని లైను మీంచి నేను తీసేస్తే కక్ష అంటారు. మీరు వదిలేస్తే కూతురు కదా అంటారు. ఒకసారి ఆ బస్సెక్కి చూడండి. చూశాక మీరేం చెబితే అదే."

మర్నాడు పొద్దున అమ్మడు మామూలు ప్రయాణికురాలిలా స్టాపులో నిలబడి నాన్న బస్సెక్కింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఎక్కింది. చిన్నప్పుడు బడికి వెళ్ళేటప్పుడు ఇంజను పక్కన చిన్న సీటు మీద కూర్చునేది. ఇప్పుడు వెనక తలుపులోంచి ఎక్కి మధ్యలో కడ్డీ పట్టుకుని నిలబడింది. నాన్న అద్దంలో చూశాడు. అద్దమంతా నవ్వు.

"మేడం గారూ, టిక్కెట్టు!" అంటూ కండక్టరక్క వచ్చింది. ఆవిడ ఆ బస్సులో చాలాకాలంగా చేస్తోంది. పెద్దాయన్ని బాబాయ్ అంటుంది. "మా బాబాయ్ కూతురైనా, మేడ మీద మహారాణైనా, నా బస్సులో టిక్కెట్టు తీయాల్సిందే."

"ఇవ్వక్కా, తీసుకుంటా."

"ఏంటి సంగతి? మా మీద నిఘానా?"

"ఊరికే చూద్దామని."

కండక్టరక్క మొహంలో నవ్వు కాస్త తగ్గింది. 

బస్సు బాగానే పోయింది. నాన్న ఎంత నెమ్మదిగా నడుపుతాడో అమ్మడు మరిచిపోయింది. గుంతలో చక్రం దిగినా నిలబడ్డవాళ్ళు తూలరు. కోర్టు స్టాపు వచ్చింది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. బస్సు కదల్లేదు. అమ్మడు వంగి బయటికి చూసింది. ఎవరూ పరిగెత్తుకు రావడం లేదు. అటూ ఇటూ దారి ఖాళీగా ఉంది. నాన్న మాత్రం పక్క అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"పోనీయండి పెద్దాయనా, ఇంకెవరొస్తారు?" అన్నారెవరో వెనకనుంచి.

"వస్తారు, వస్తారు" అన్నాడాయన.

ఎవరూ రాలేదు. అప్పుడు కదిలించాడు. మిల్లు గేటు దగ్గరా అంతే. అమ్మడు కండక్టరక్క దగ్గరికి జరిగి గొంతు తగ్గించి అడిగింది. "ఎవరి కోసమక్కా ఆగుతున్నాడు?"

కండక్టరక్క టిక్కెట్ల మిషను సర్దుకుంటున్నట్టు నటించింది. "కోర్టు దగ్గరైతే టైపు మేడం కోసం. కోర్టు బయట కూర్చుని కాయితాలు టైపు చేసేదే, ఆవిడ. రోజూ ఆలస్యంగా, చెప్పులు చేతిలో పట్టుకుని పరిగెత్తుకొచ్చేది. ఇక్కడ తాళాలు బాగుచేసే ఆయన కోసం. ముందు స్టాపులో కవలపిల్లల తల్లి కోసం."

"వాళ్ళు ఇవాళ రాలేదా?"

"ఇవాళేంటి అమ్మడూ? టైపు మేడం స్కూటరు కొనుక్కుని ఎన్నాళ్ళయింది! రోజూ మన బస్సు పక్కనుంచే పోతుంది. హెల్మెట్ పెట్టుకుంటుందిగా, బాబాయ్ పోల్చుకోలేడు. తాళాలాయన షాపు ఎత్తేసి వేరే పేటకి పోయాడు. కవలలు బడి మారారు."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పకేం? చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పా. 'తెలుసే, కానీ నేను ఆగడం మానేసిన రోజునే వాళ్ళు తిరిగొస్తే?' అంటాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గరుంటే చెప్పు."

అమ్మడు ముందుకి చూసింది. నాన్న కుడిచెయ్యి కిటికీ బయట ఉంది. ఊపుతోంది. పక్కనుంచి పొడుగోడి బస్సు చిన్నగా హారన్ కొట్టి దాటిపోయింది. దాటాక కూడా ఆ చెయ్యి లోపలికి రాలేదు. ఊపుతూనే ఉంది. అమ్మడు వెనక అద్దంలోంచి చూసింది. వెనక బస్సే లేదు.

"పొద్దున్నుంచీ ఇలాగే" అంది కండక్టరక్క. "వెనక ఎవరున్నా లేకున్నా చెయ్యి బయటే. ఎవడన్నా చెయ్యి చూడకుండా దాటేస్తాడేమోనని భయం. ముందే ఊపేస్తే, ఎవడు దాటినా తను పొమ్మంటేనే దాటినట్టు కదా."

అమ్మడు మళ్ళీ ఆ చేతి వైపు చూసింది. నువ్వే ఊపెయ్యి అని కంచాల ముందు కూర్చుని ఎంత తేలిగ్గా అంది తను!

వంతెన మొదట్లో, ఇవతలి ఒడ్డున ఆఖరి స్టాపు. అక్కడా బస్సు ఆగిపోయింది. ముందు సీటులో ఒక అమ్మాయి లేచి నిలబడింది. చంకలో సంచీ, చేతిలో ఆసుపత్రి కాయితాలు.

"డ్రైవరు గారూ, కొంచెం పోనీయండి. మా అమ్మని ఆపరేషనుకి తీసుకెళ్ళేలోపు నేనక్కడుండాలి. నన్ను చూడకుండా వెళ్ళనంటోంది."

"ఒక్క నిమిషం తల్లీ. కవలల తల్లి, ఇద్దర్నీ ఎత్తుకుని రావాలి పాపం."

ఆ అమ్మాయి కిటికీలోంచి ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసింది. ఎవరూ లేరు.  సంచీ భుజానికి తగిలించుకుని, దిగి, వంతెన మీద పరుగందుకుంది.

కాసేపటికి బస్సు కదిలింది. వంతెన మధ్యలో ఆ అమ్మాయిని అందుకుంది. నాన్న బస్సు నెమ్మది చేసి, తలుపు తెరిచి, పక్కకి వంగి పిలిచాడు. "ఎక్కు తల్లీ, ఎక్కు, ఆగాను."

ఆ అమ్మాయి తల తిప్పలేదు. ఏడుస్తూ పరిగెత్తుతోంది.  నాన్న కొంచెం దూరం తలుపు తెరిచే నడిపాడు. తర్వాత మూసేశాడు.

"ఆగాను కదా" అన్నాడు, ఎవరితోనో తెలీకుండా.

ఆసుపత్రి స్టాపులో అమ్మడు దిగింది. లోపలికి వెళ్ళి ఆ అమ్మాయి వేళకి అందుకుందో లేదో కనుక్కుందామనుకుంది. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. తనేం చెయ్యాలో అప్పటికే తేలిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పేద్దామని గుమ్మంలో అడుగుపెట్టింది. నాన్న ఆమె కన్నా ముందే వచ్చి, అమ్మకి పూస గుచ్చినట్టు చెబుతున్నాడు.

"మీ అమ్మడు ఇవాళ నా బస్సెక్కింది, తెలుసా? టిక్కెట్టు కొని మరీ ఎక్కింది. అద్దంలో చూస్తే ముందు ఎవరో అనుకున్నా. ఎంత పెద్దదైపోయింది!"

"రోజూ ఇంట్లో కనబడుతూనే ఉందిగా, ఇవాళ పెరిగిందా?" అంది అమ్మ.

"ఇంట్లో వేరు. బస్సులో వేరు."

అమ్మడు చెప్పడం మానుకుని, కాళ్ళు కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి నిలబడింది.

మర్నాడు మేడ మీద గదిలో కూర్చుని మైకు చేతిలోకి తీసుకుంది. ఇన్నేళ్ళుగా ఆ గదిలో ఆమె ఒక నియమం పెట్టుకుంది. అందరు డ్రైవర్లకీ రేడియోలోనే చెప్పాలి, అందరూ వినేలా చెప్పాలి, నాన్నకి వేరుగా ఏదీ చెప్పకూడదు. కూతురు కాబట్టి అని ఎవరూ అనకూడదు. ఆ నియమం వల్లే ఆమె మాటంటే డిపోలో గౌరవం. ఇప్పుడూ అలాగే చెబితే సరిపోతుందనుకుంది. నాన్నతో చెప్పలేనిది ముందు బస్సుతో చెప్పొచ్చు కదా అనుకుంది. ఆ రేడియో వినే కుర్రాళ్ళందరూ ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళేనన్న సంగతి ఆ నిమిషంలో తట్టలేదో, తట్టినా తోసేసిందో, తర్వాత ఎంత తలుచుకున్నా ఆమెకి తేలలేదు.

"వంతెన లైను ముందు బస్సు" అని పిలిచింది.

"చెప్పమ్మా."

రేడియోలో అమ్మా అనొద్దని ఎన్నిసార్లు చెప్పినా ఆయన అలాగే అంటాడు.

"ఆసుపత్రి దగ్గర అందర్నీ దింపేసి, బండి ఖాళీగా డిపోకి తీసుకురండి. రేపట్నుంచి మీకు యార్డు డ్యూటీ. లైను మీద మీ బండి పొడుగు గారు నడుపుతారు."

రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు.  అందరూ విన్నారని ఆ నిశ్శబ్దమే చెబుతోంది.

"అలాగే మేడం" అన్నాడాయన.

అమ్మడు మైకు బల్ల మీద పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తెర మీద చుక్క ఆసుపత్రి దాకా పోయి, తిరిగి, వంతెన ఎక్కింది. ఖాళీ బస్సు, ఎక్కడా ఆగనక్కర్లేని బస్సు. అయినా నత్తలా పాకుతోంది. వెనక ఒక చుక్క వచ్చి చేరింది. దాటలేదు. ఇంకొకటి వచ్చింది. అదీ దాటలేదు. చూస్తూ చూస్తూ ఉండగానే, ఎన్నాళ్ళుగానో కనబడని తోక మళ్ళీ కట్టుకుంది. వంతెనకి ఇవతల స్టాపుల్లో ఎక్కడా ఒక్క బస్సూ లేదు.

"వంతెన మీద వెనక బస్సులు, దాటి రండి" అంది. ఎవరూ పలకలేదు. "దాటి రండి. స్టాపుల్లో జనం ఉన్నారు."

అప్పుడు పొడుగోడి గొంతు వినిపించింది. "గురువుగారు చెయ్యి ఊపలేదు మేడం."

కోపంతో అన్నట్టు లేదు. సంగతి చెప్పినట్టే చెప్పాడు.  మళ్ళీ గరగర. ఈసారి నాన్న గొంతు.

"ఒరేయ్ అబ్బాయిలూ, నా వెనకెందుకురా? ఈ బస్సులో నేనొక్కణ్ణే ఉన్నాను. మీ బస్సుల నిండా జనం ఉన్నారు, వాళ్ళకి పనులుంటాయి." ఆగాడు. "చెయ్యి లేవట్లేదురా నాకు. నోటితోనే చెబుతున్నా. పోండి."

ఆయన మైకు మీట మీంచి వేలు తీయడం మరిచిపోయినట్టున్నాడు. ఆ గదిలోకి అన్నీ వినిపించాయి. ఇంజను చప్పుడు, గాలి, దాటిపోతున్న ఒక్కో బస్సు కొట్టిన చిన్న హారన్. ఒకటి, తర్వాత ఇంకొకటి, తర్వాత ఇంకొకటి. ఆఖరి బస్సు పోయాక ఆయన ముక్కు ఎగబీల్చుకోవడం వినిపించింది. అమ్మడు లేచి వెళ్ళి రేడియో గొంతు తగ్గించింది. ఆ గదిలో ఇంకెవరూ లేరు. అయినా తగ్గించింది.

ఇంట్లో పెద్ద గొడవేమీ జరగలేదు. జరిగుంటే బాగుండేది. నాన్న వేళకి లేచాడు, వేళకి తిన్నాడు, యార్డుకి వెళ్ళొచ్చాడు. ఉప్పు అందించమని అడిగాడు. అమ్మడు అందించింది. అమ్మ మాత్రం ఒకసారి, బట్టలు మడతపెడుతూ, ఆమె వైపు చూడకుండా అంది. "ఇంట్లో చెప్పి ఉండొచ్చు కదే. ఈ గోడల మధ్య ఏడ్చుకునేవాడు."

అమ్మడు ఒక దుప్పటి తీసుకుని తనూ మడతపెట్టసాగింది. 

వంతెన లైను బాగుపడింది. మేనేజరు గారు అన్నట్టే అయింది. బస్సులు వేళకి వస్తున్నాయని ఒకరికొకరు చెప్పుకున్నారు. మొదట బస్సెక్కే బడి పిల్లలు పెరిగారు, తర్వాత ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు, తర్వాత ఆఫీసులవాళ్ళు. పొద్దునపూట సీట్లు నిండిపోయి నిలబడటం మొదలుపెట్టారు. పక్క ఊరి డిపోవాళ్ళు చూసి నేర్చుకుందామని వచ్చారు. మేనేజరు గారు అందరి ముందూ అమ్మడుని మెచ్చుకున్నారు. చప్పట్లు కొట్టారు. పొడుగోడు కూడా కొట్టాడు. కొడుతున్నంతసేపూ తన చేతుల వంకే చూసుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం కండక్టరక్క మెట్లెక్కి మేడ మీది గదికి వచ్చింది. మామూలుగా రాదు.

"అమ్మడూ, ఇవాళ ఎవరెక్కారో చెప్పుకో. టైపు మేడం! హెల్మెట్ లేకుండా, చక్కగా నడుచుకుంటూ వచ్చి నిలబడింది స్టాపులో. స్కూటరు అమ్మేస్తానంటోంది. బాబాయ్‌కి చెప్పవే. సంతోషపడతాడు."

అమ్మడు అప్పటికప్పుడు యార్డులోకి దిగింది. చాలా రోజుల తర్వాత నాన్నకి చెప్పడానికి ఒక మంచి మాట దొరికింది. దాన్ని ఎక్కడ పారేసుకుంటానో అన్నట్టు గబగబా నడిచింది.

యార్డులో నాన్న పని, లైను మీంచి వచ్చిన బస్సుని కడిగే షెడ్డులోకి నడపడం, కడిగాక తీసుకెళ్ళి వరసలో నిలపడం, మళ్ళీ నడిచొచ్చి ఇంకోటి ఎక్కడం. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఖాళీ బస్సులు. ఆమె వెళ్ళేసరికి షెడ్డు పక్కన నీడలో నిలబడి చొక్కా చేతులు పిండుకుంటున్నాడు.

"నాన్నా, టైపు మేడం బస్సెక్కింది!"

ఆయన మొహం విచ్చుకుంది. "ఏదీ, మన కోర్టు దగ్గర ఆవిడా? నిజంగా? సీటు దొరికిందా?"

"దొరికింది. కిటికీ పక్కన."

"చెప్పానా! వస్తారని చెప్పానా మీ కండక్టరక్కకి? నమ్మేది కాదు. పరిగెత్తుకొచ్చిందా?"

"లేదు, నెమ్మదిగానే వచ్చిందట. ఇప్పుడు బస్సులు వేళకి వస్తున్నాయని ఎవరో చెప్పారట. చూద్దామని వచ్చి..."

అంటూ అంటూ ఆగిపోయింది. ఆగేసరికే ఆలస్యమైంది.

ఆయన చొక్కా చెయ్యి పిండుతూనే ఉన్నాడు. అందులో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి.

"అంటే నేను దిగాక ఎక్కిందన్నమాట" అన్నాడు.

"అలా కాదు నాన్నా."

"అలాగేలే. తప్పేముంది? ఎక్కడమే కదా మనకి కావాల్సింది." కాసేపు షెడ్డు లోపలికి చూశాడు. "అడిగిందా? నా గురించి."

"పెద్దాయన ఏరీ అని అడిగిందట. అక్క ఏం చెప్పాలో తెలీక టిక్కెట్లు కొట్టే వంకతో వెనక్కి వెళ్ళిపోయిందట."

"మంచిపని చేసింది. ఆలస్యం చేస్తున్నానని తీసేశారని మాత్రం ఆవిడకి చెప్పనివ్వకు. నేను ఎన్ని రోజులు ఆగానో ఆవిడకే తెలుసు. తన కోసం ఆగే ఇలా అయిందనుకుంటుంది. మనసు కష్టపెట్టుకుని మళ్ళీ స్కూటరెక్కుతుంది. రిటైరయ్యాడని చెప్పమను."

"నాన్నా..."

"బాగా జరిగిందని చెప్పమను. డిపోవాళ్ళందరూ వచ్చి సాగనంపారని."

అమ్మడు ఆయన చెయ్యి పట్టుకోబోయింది. ఆయన లాక్కోలేదు గానీ, పట్టుకోనూ లేదు. చల్లగా, తడిగా ఉంది. గేటులోంచి లైను మీది బస్సొకటి లోపలికి వచ్చి, ఆయన కోసం ఇంజను ఆపకుండా నిలబడింది. నడిపిన కుర్రాడు దిగి, తలొంచుకుని పక్కనుంచి వెళ్ళిపోయాడు.

"వెళ్ళమ్మా, పైన నీ కోసం చూస్తుంటారు" అన్నాడు నాన్న. "ఇక్కడ నేను ఆలస్యం చేసినా ఎవరికీ నష్టం లేదు."

బస్సెక్కి తలుపు వేసుకున్నాడు. అలవాటు కొద్దీ పక్క అద్దంలోకి చూశాడు, ఎవరన్నా వస్తున్నారేమోనని. అద్దంలో అమ్మడు ఒక్కతే నిలబడి ఉంది. ఆయన కొంచెంసేపు ఆగాడు. ఆమె కదల్లేదు. ఎక్కుతానని ఎలా అడగాలో ఆమెకి తెలీలేదు. అప్పుడు ఆయన గేరు వేశాడు.